పాత విండోస్ 10 సిస్టమ్‌లకు లినక్స్: ఎవరికి వేయాలి, ఎవరికి వద్దు, ముందు ఏం చూడాలి?

ఏటిగట్టు (1)

అందరికీ నమస్కారం. వచ్చే నెల రెండు ఆదివారాలు మా ఊరి గ్రంథాలయంలో లినక్స్ ఇన్‌స్టాల్ శిబిరం పెడుతున్నాం. ఇరవై దాకా సిస్టమ్‌లు వస్తాయి. ఎక్కువ భాగం నాలుగో తరం, ఆరో తరం ఐ3లు, 4 జీబీ ర్యామ్, అన్నిట్లో విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి కాబట్టి ఇవి అటూ పోలేవు. తెచ్చేవాళ్లు టీచర్లు, డిగ్రీ పిల్లలు, ఇద్దరు డీటీపీ వాళ్లు, ఒక ఎరువుల కొట్టు యజమాని.

కరపత్రం దగ్గరే ఆగిపోయాం. "పూర్తిగా ఉచితం, వైరస్ రాదు, కంప్యూటర్ వేగం పెరుగుతుంది" అని ముసాయిదా రాశాం. మొహమాటం లేకుండా చెప్పండి, ఇది నడుస్తుందా?

పెన్‌డ్రైవ్_పంతులు (2)

మూడు ముక్కలున్నాయి, మూడూ తీసేయండి.

ఉచితం అన్న మాటకు మన ఊళ్లలో పస లేదు. సిస్టమ్ అసెంబుల్ చేసినవాడే విండోసు, ఆఫీసు, ఫొటోషాపు క్రాక్ వేసి ఇచ్చాడు. కొన్నాయన లెక్కలో అవీ ఉచితమే. "నాదీ ఫ్రీయే కదండీ" అంటే మీరేం చెబుతారు? క్రాక్ మీద మాట్లాడాలనుకుంటే ఒక్కటే చూపించండి. యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది, తర్వాత అడ్మిన్ అనుమతి అడుగుతుంది. కుక్కను కట్టేసి, ఇంటి తాళంచెవి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టినట్టు.

వైరస్ రాదు అనకండి. లినక్స్ డెస్క్‌టాప్ మీదికి వచ్చేవి తక్కువ, అంతవరకే. బ్రౌజర్‌లో దొంగ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ఇక్కడా పాస్‌వర్డ్‌లు పోతాయి. ఓటీపీ ఫోన్‌లో చదివి చెప్పేవాణ్ని ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాపాడదు.

వేగం సంగతి డిస్కుది. తిరిగే హార్డ్ డిస్కు మీదే మింట్ (లినక్స్‌లో ఒక రకం) వేస్తే వారం తిరక్కుండా తిట్లు మొదలవుతాయి. 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) ఒకటి, ఇంకో 4 జీబీ ర్యామ్ ఒకటి వేయించుకోమనండి. నాలుగో తరం ల్యాప్‌టాప్‌కి డీడీఆర్3ఎల్ కావాలి, అంటే 1.35 వోల్టులది. డబ్బాలో పడున్న పాత 1.5 వోల్టుల డీడీఆర్3 పెడితే చాలావాటిలో స్క్రీనే రాదు, ల్యాప్‌టాప్ పోయిందనుకుంటారు.

ఇంకోటి. పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకున్నవాళ్లకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకూ వస్తాయి. ఆ మాట మీరే చెప్పండి. బయటినుంచి తెలిస్తే మీరు దాచారనుకుంటారు.

నాలుగు_హక్కులు (3)

పంతులుగారూ, ఉచితం తీసేయడం సరే. కానీ దాని స్థానంలో ఏమీ పెట్టకపోతే మిగిలేది రిపేరు షాపు. అసలు సంగతి స్వేచ్ఛ. ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఒక్క మాటకు రెండర్థాలు కాబట్టి 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు మొదలైన దగ్గర్నుంచీ వాళ్లు వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకా తిప్పలు లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు, పదో తరగతి పిల్లాడికీ తేడా తెలుసు. చేతిలో ఉన్న రెండు మాటలు వదిలేసి మనమూ ఫ్రీ ఫ్రీ అంటున్నాం.

దేనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా నడుస్తుందో చూసి మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు కాపీ ఇవ్వొచ్చు, మార్చినదాన్నీ పంచవచ్చు. ఈ నాలుగూ రాయండి.

పెన్‌డ్రైవ్_పంతులు (4)

రాయొచ్చు. ఎరువుల కొట్టాయన సోర్స్ కోడ్ చదువుతాడా?

నాలుగు_హక్కులు (5)

చదవక్కర్లేదు. ఆయన ట్రాక్టరు ఇంజను కూడా ఆయన విప్పడు. విప్పగల మెకానిక్ ఊళ్లో ఉండటం ఆయనకు కావాలి. లోపలికి చూడనివ్వని వస్తువైతే ఆ మెకానిక్ ఉండడు.

మనకు దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు తీసుకోండి. అవి యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు) కావు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, వాటి మీద ఆ ఫాంటు తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. ఒక పేరు వెతుకుదామన్నా దొరకదు. ఎన్నో పత్రికల, సంఘాల పాత సంచికలు ఇలా తాళం పడి ఉన్నాయి. స్వేచ్ఛ అంటే ఏమిటో చెప్పడానికి తెలుగువాడికి ఇంతకంటే మంచి బొమ్మ లేదు.

ఓరుగల్లు_పోరడు (6)

అన్నా, స్వేచ్ఛ ముచ్చట మంచిదే, గని ముందుగాల ప్రింటర్ సూడుండ్రి. మనిషి లినక్స్ ఇడిసిపెట్టేది ప్రింట్ రాని రోజే.

హెచ్‌పీ 1020, ఎం1005, పీ1108 అయితే పరేషాన్ లేదు. హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ మింట్ల ముందే ఉంటది, గని వీటికి ప్లగిన్ అలగ్‌గ దించాలె. టెర్మినల్ల హెచ్‌పీ, అడ్డగీత, ప్లగిన్ అని కలిపి కొడితే అదే దించుకుంటది, దానికి నెట్ ఉండాలె. ఎందుకంటే 1020కి సొంత జ్ఞాపకం లేదు, కరెంటు తీసినప్పుడల్లా ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్) మర్సిపోతది. ఆన్ చేసినప్పుడు కంప్యూటరే మళ్ల ఎక్కియ్యాలె. ప్లగిన్ లేకుంటే లైటు ఎలుగుతది, క్యూల జాబ్ పోతది, కాయితం మాత్రం కదలదు. రేపు హెచ్‌పీలిప్ వెర్షన్ మారితే ప్లగిన్ గూడ మళ్ల అదే వెర్షన్‌ది కావాలె. "నిన్నటిదాక ఒచ్చింది, ఇయ్యాల రాలే" అని ఫోన్ వస్తే ముందు గదే అడుగుండ్రి.

కేనన్ ఎల్‌బీపీ 2900 అసలు కిరికిరి. జెరాక్స్ షాపులల్ల ఎక్కువ కనవడేది గిదే. దీని భాష క్యాప్ట్, కేనన్ సొంతది. కేనన్ లినక్స్ డ్రైవర్ ఇచ్చింది, గని అది 32 బిట్ లైబ్రరీలు అడుగుతది, సీసీపీడీ అనే సర్వీస్ ఎనుక నడుస్తుండాలె. సిస్టమ్ లేచినప్పుడు అది లేవకుంటే జాబ్ గట్లనే కూసుంటది, ఎర్రర్ గూడ రాదు. వైరు తీసి పెడితే సున్నా నంబర్ పోర్టు ఒకటి అయితది, పాత సెట్టింగు పనిజెయ్యది. 2900 ఉన్న షాపాయనకు శిబిరంల మొదటిరోజే లినక్స్ ఎయ్యకుండ్రి, నా మాటినుండ్రి.

ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంకు ట్యాంకులవి ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్‌తోని మంచిగొస్తయి. ఈ మధ్యల వచ్చిన వైఫై ప్రింటర్లు శానావరకు డ్రైవర్ లేకుండనే పడుతయి.

ఏటిగట్టు (7)

పోరడు తమ్ముడూ, ఇది బంగారం. డీటీపీ వాళ్లిద్దరిలో ఒకరి దగ్గర 2900 ఉంది. పైగా ఆయన అను, పేజ్‌మేకర్ మీదే శుభలేఖలు చేస్తాడు. ఆయనకేం చెప్పాలి?

ఒత్తులక్క (8)

ఆయన ప్రొడక్షన్ మెషిన్ ముట్టుకోవద్దు. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే అసలే వద్దు. విండోస్ అలాగే ఉంచి పక్కన రెండు పెట్టండి: పేజ్‌మేకర్ లాంటి స్క్రైబస్, వర్డ్, ఎక్సెల్ పనులకు లిబ్రేఆఫీస్. రెండూ విండోస్‌లోనూ నడుస్తాయి. కొత్తగా వచ్చే చిన్న పని ఒకటి, ఒక పేజీ కరపత్రం చాలు, యూనికోడ్‌లో చేయించండి.

స్క్రైబస్ 1.6 కంటే పాతది వేయకండి. 1.4 వరసలో తెలుగు ఒత్తులు విడిపోయేవి, "స్త్రీ" అని కొడితే మూడు ముక్కలుగా పడేది. 1.6 అక్షరాలను సరిగ్గా కూరుస్తుంది. "తెలుగు రాదు" అని పదేళ్ల కిందటి అనుభవంతో చెప్పేవాళ్లకు ఆ ఒక్క పదం కొట్టి చూపించండి.

ఫాంట్ల కొరత లేదు. సిలికానాంధ్ర సంస్థ ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన 2000, వేమన 2000 మింట్ ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. ఒక్క హెచ్చరిక. వీటిలో వరుసల మధ్య ఎడం ఫాంటు ఫాంటుకీ మారుతుంది. విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంటులో నాలుగు పేజీలున్నది వేరే ఫాంటులో ఐదయ్యే అవకాశం ఉంది. ప్యారాగ్రాఫ్ సెట్టింగుల్లో లైన్ స్పేసింగ్ "ఫిక్స్‌డ్" చేసి పాయింట్లలో అంకె ఇవ్వండి, అప్పుడు ఫాంటు మారినా పేజీ కదలదు. మరీ తక్కువ ఇస్తే కింది ఒత్తులు తెగుతాయి. 12 పాయింట్ల అక్షరానికి 18తో మొదలుపెట్టి చూసుకోండి.

అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక కళ్లతో చదవాల్సిందే. క్ష, జ్ఞ, అంకెలు, కొటేషన్ గుర్తులు, మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటలు, దెబ్బతినేవి ఎక్కువగా ఇవే.

చీరాల_చిన్నోడు (9)

అక్కా, కీబోర్డు సంగతి? మా దగ్గర ఆపరేటర్ల చేతులన్నీ యాపిల్ లేఅవుట్‌కి అలవాటు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే లేచి వెళ్లిపోతారు.

ఒత్తులక్క (10)

నేర్చుకోనక్కర్లేదు తమ్ముడూ. లినక్స్‌లో టైపింగ్ పద్ధతులు మార్చేది ఐబస్, దానికి ఎం17ఎన్ అనే జత ప్యాకేజీ ఉంటుంది. అది వేసి, ఒకసారి లాగవుట్ అయి లాగిన్ అవ్వాలి. చాలామంది ఈ లాగవుట్ దగ్గరే తప్పుతారు, మెనూలో కనపడక రాలేదనుకుంటారు. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సుల్లో తెలుగు కింద యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన వస్తాయి. ఆపరేటర్‌కి యాపిల్ ఇచ్చి ఒక పేరా కొట్టించండి. అనులో అలవాటైన మీటకు ఏదైనా అక్షరం తేడా వస్తే అక్కడే రాసుకుని గోడకు అంటించాలి. చేతులు ఒకటి రెండు మీటలకు సర్దుకుంటాయి, మొత్తం బల్లకు సర్దుకోవు.

టీచర్లకు, పిల్లలకు ఆర్‌టీఎస్, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి. కానీ ముందే చెప్పండి, ఇది ఫోన్‌లోలా ఊహించి ఇవ్వదు. దీర్ఘానికి పెద్ద అక్షరం, ళకి పెద్ద ఎల్, ణకి పెద్ద ఎన్ కొట్టాలి. చెప్పకపోతే "అన్నీ పొట్టి అక్షరాలే వస్తున్నాయి" అంటారు.

ఇంకో చిన్న ముల్లు. "సాఫ్ట్‌వేర్" కొట్టబోతే "సాఫ్ట్వేర్" పడుతుంది, వ కాస్తా ఒత్తయి కిందికి దిగుతుంది. పొల్లు తర్వాత కనపడని విభజన గుర్తు పడాలి. లిబ్రేఆఫీస్ రైటర్‌లో అయితే పొల్లు పక్కనే 200, దానికి ఆనుకుని ఇంగ్లీషు సి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ మాయమై గుర్తు కూర్చుంటుంది.

కాగితం_గువ్వ (11)

లిబ్రేఆఫీస్ మాట వచ్చింది కాబట్టి. వేసి వదిలేస్తే తెలుగువాళ్లకు అది సగమే పనిచేస్తుంది. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) టిక్ పెట్టి, డిఫాల్ట్‌గా తెలుగు ఎంచాలి. తెలుగుకి, ఇంగ్లీషుకి ఫాంటు, సైజు వేర్వేరుగా దాచుకుంటుంది. ఫార్మాట్, క్యారెక్టర్ తెరిస్తే రెండూ పక్కపక్కన కనపడతాయి. "సైజు 14 పెట్టినా తెలుగు 12లోనే ఉంది" అన్న ఫిర్యాదుకు మందు అక్కడే ఉంది. ఒక్కో డాక్యుమెంట్‌లో మార్చుకుంటూ కూర్చోకుండా బేసిక్ ఫాంట్స్ (సీటీఎల్)లో ఒకసారి మండలి పెట్టేయండి.

వర్డ్ అలవాటున్నవాళ్లకు వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ తెరిచి "ట్యాబ్డ్" పెట్టండి. రూపం దగ్గర పడితే సగం భయం పోతుంది.

బయటి నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లలో క్యాలిబ్రి ఉంటే దాని స్థానంలో కార్లిటో, కేంబ్రియాకి కలడియా ఉండాలి. అక్షరాల వెడల్పులు అవే కాబట్టి వరుసలు విరగవు. ఎరువుల కొట్టాయన ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్ ఫార్ములా వాడుతుంటే ఒక సంగతి చూడండి. మింట్ 22తో వచ్చేది లిబ్రేఆఫీస్ 24.2, ఎక్స్‌లుకప్ వచ్చింది 24.8లో. ఫైలు తెరిస్తే లెక్క బదులు తప్పు చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫ్లాట్‌ప్యాక్ రకం ఎంచుకుంటే కొత్తది దొరుకుతుంది. మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

చదవడానికే పంపేది పీడీఎఫ్‌గా పంపమనండి. ఎగుమతి చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ అని టిక్ ఉంటుంది. అది పెడితే అవతలివాళ్లకు పీడీఎఫ్, మీరు లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే మళ్లీ దిద్దుకునే ఫైలు. ఇంత పనికొచ్చేదాన్ని ఎవరూ చెప్పరెందుకో.

పెన్‌డ్రైవ్_పంతులు (12)

ఎరువుల కొట్టు అన్నారు. ట్యాలీ ఉందా? డిజిటల్ సంతకం టోకెన్ ఉందా? వేలిముద్ర మెషిన్ పెట్టి ఎరువులు అమ్ముతాడా? మూడిట్లో ఏ ఒక్కదానికి అవునన్నా ఆ సిస్టమ్‌లో విండోస్ ఉంచేయండి. వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపేది) మీద ట్యాలీ లేపి చూపించడం మీకు సరదా, నెలాఖరున రిటర్ను వేయాల్సింది ఆయన. పిల్లలు వాడే రెండో సిస్టమ్ ఇంట్లో ఉంటే దానికి వేయండి.

చీరాల_చిన్నోడు (13)

మరి డ్యూయల్ బూట్? రెండూ ఉంటాయిగా పంతులుగారూ.

ఓరుగల్లు_పోరడు (14)

డ్యూయల్ బూట్ అంటే రెండు సంసారాలు భయ్యా. టైమ్ కాడ్నే లొల్లి మొదలైతది. మింట్ల నుంచి విండోస్‌కు వస్తే గడియారం ఐదున్నర గంటలు ఎనుకకు పోతది. విండోస్ బోర్డు గడియారంల మన టైమ్ రాస్తది, లినక్స్ యూటీసీ (ప్రపంచ టైమ్) రాస్తది, నడుమ తేడా మన ఐదున్నర. లినక్స్ల టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తోని లోకల్ ఆర్‌టీసీ ఒకటి చేస్తే సద్దుమణుగుతది.

ఇంకోటి, విండోస్ల ఫాస్ట్ స్టార్టప్ బంద్ చెయ్యకుంటే అది నిజంగ షట్‌డౌన్ కాదు, సగం నిద్రల ఉంటది. గప్పుడు మింట్ల డీ డ్రైవ్ తెరిస్తే సదువనిస్తది, రాయనియ్యది. విండోస్ల అడ్మిన్ ప్రాంప్ట్ తెరిసి హైబర్నేషన్ బంద్ చేస్తే రెండూ ఒక్కసారే పోతయి.

పెన్‌డ్రైవ్_పంతులు (15)

పోరడు చెప్పింది నిజమే అయినా, కొత్తవాళ్లకు డ్యూయల్ బూట్ వల్ల ఒక మేలుంది. వెనక్కి దారి ఉందని తెలిస్తే ముందుకు అడుగు వేస్తారు. రెండు డిస్కులుంటే ఇంకా మంచిది. కొత్త ఎస్‌ఎస్‌డీలో మింట్, పాత హార్డ్ డిస్కులో విండోస్ అలాగే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేయండి, తప్పు డిస్కు చెరిగే ప్రమాదమే ఉండదు.

శిబిరంలో వరస ఇలా పెట్టుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఐదారు ముందే బూటబుల్ చేసి, ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) సరిగ్గా దిగిందో లేదో చెక్‌సమ్‌తో సరిచూసి ఉంచండి. ఫైలు దిగేటప్పుడు విరిగితే ఇన్‌స్టాల్ సగంలో ఆగుతుంది, అప్పుడు తప్పు సిస్టమ్‌దో పెన్‌డ్రైవ్‌దో తేలక పూటంతా పోతుంది. సిస్టమ్ రాగానే ఓనర్‌ ముందే డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్ బుక్‌మార్కులు, ఫొటోలు బయటి డిస్కులోకి కాపీ చేసి, ఒక ఫొటో ఆ డిస్కులోంచే తెరిచి చూపించండి. ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోకుండా బయోస్ జోలికి వెళ్లొద్దు, 48 అంకెల కీ అడిగి కూర్చుంటుంది.

అప్పుడు లైవ్‌లో బూట్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపడం. డెల్, ఏసర్, లెనోవోలకు చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. లైవ్‌లోనే నాలుగు చూడండి: వైఫై, సౌండ్, ప్రింట్, తెలుగు. బ్రాడ్‌కామ్ వైఫై కార్డుంటే మొదట నెట్ రాదు. ఫోన్‌ను యూఎస్‌బీ టెదరింగ్‌తో కలిపి, డ్రైవర్ మేనేజర్ తెరవండి. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనపడకపోతే బయోస్‌లో సాటా మోడ్ రెయిడ్‌లో ఉండి ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి, కానీ విండోస్ ఉంచుతున్న సిస్టమ్ అయితే ముందు సేఫ్ మోడ్ సెట్ చేయకుండా మారిస్తే విండోస్ లేవదు.

నాలుగిట్లో ఒకటి ఫెయిలైతే ఆ రోజు ఇన్‌స్టాల్ చేయకండి. విండోస్ మీదే లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ వేసి పంపండి. రెండు నెలలు అవి వాడితే తర్వాత కింద ఏ సిస్టమ్ ఉన్నా పని అవే ప్రోగ్రాముల్లో నడుస్తుంది.

నాలుగు_హక్కులు (16)

ఈ చివరిమాట దగ్గర మీతో ఏకీభవిస్తాను. కేరళ ప్రభుత్వ బడుల్లో గ్నూ/లినక్స్ నిలబడటానికి కారణం పిల్లలకు లైసెన్సు పాఠం చెప్పడం కాదు. పాఠం, ల్యాబు, పరీక్ష మూడూ దాని మీదే పెట్టారు, టీచర్లకు ముందు శిక్షణ ఇచ్చారు. మన శిబిరాల్లో ఇన్‌స్టాల్ అయిన మర్నాడు పలికేవాడు ఉండడు, తేడా అక్కడే.

ఏటిగట్టు (17)

మర్నాటి సంగతికి ఏం చేయొచ్చో అదీ చెప్పండి. వాట్సాప్ గ్రూపు పెట్టాలనుకున్నాం.

కాగితం_గువ్వ (18)

గ్రూపులో శుభోదయాలు నిండిపోతాయి. గ్రంథాలయంలోనే నాలుగు ఆదివారాలు గంటసేపు ఒక మనిషి కూర్చుంటానని చెప్పండి. ఇన్‌స్టాల్ కాగానే టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచండి, అప్‌డేట్ తేడా చేస్తే పది నిమిషాల్లో వెనక్కి తేవచ్చు. గుర్తుంచుకోండి, టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ను దాస్తుంది, ఫొటోలను మామూలుగా దాయదు. వాటికి వేరే బ్యాకప్ ఉండాలి. పాస్‌వర్డ్ ఓనర్ చేతే కొట్టించండి. మీరు 1234 పెట్టి వెళ్లిపోతే మొదటి అప్‌డేట్ అడిగిన రోజు ఆయనకు గుర్తుండదు, "లాక్ అయిపోయింది" అని ఫార్మాట్ కొట్టిస్తాడు.

ఏటిగట్టు (19)

కరపత్రం ఇలా మార్చాం:

"విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగాయి. నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకూ వస్తాయి. మీ పాత కంప్యూటర్‌ను ఆ తర్వాతా వాడుకునే దారి చూపిస్తాం. ముందు పరీక్షించి, అన్నీ పనిచేస్తేనే వేస్తాం. ఈ సాఫ్ట్‌వేర్‌ను మీరు వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు, తెలిసినవారితో బాగుచేయించుకోవచ్చు. ట్యాలీ, డిజిటల్ సంతకం, వేలిముద్ర పరికరం ఉన్న కంప్యూటర్లు తీసుకురావద్దు. తెచ్చేవి: సీపీయూ లేదా ల్యాప్‌టాప్, ఛార్జర్, ఫొటోలు దాచుకోవడానికి బయటి డిస్కు, మీ ప్రింటర్ మోడల్ నంబర్."

పోరడు తమ్ముడూ, సరిపోయిందా?

ఓరుగల్లు_పోరడు (20)

మోడల్ నంబర్ కాదన్నా, ప్రింటరే తెమ్మనుండ్రి, వైరుతోని. నంబర్ అంటే డబ్బా మీద ఉన్నదేదో రాసుకొస్తరు. 2900 తెచ్చినోళ్లను అలగ్ టేబుల్ల కూసోపెట్టుండ్రి, రెండో ఆదివారం నేను వస్త.